చింతగింజల రామకోటి

మా తమ్ముడి భార్య ఫోను చేసిందంటే కారణాలు రెండే ఉంటాయి, ఆవకాయ లేకపోతే అటక. ఈసారి అటక. తిరువూరులో ఇంటి పైకప్పు బాగుచేయిస్తున్నారట, అటక మీది సామానంతా కిందికి దించారట, అందులో మా నాయనమ్మ ట్రంకుపెట్టె బయటపడిందట. దాని నిండా పసుపుగుడ్డలో కట్టిన పుస్తకాలు. "మీరు చిన్నప్పుడు రాసిన రామకోటి వదినా. పారేద్దామంటే దేవుడి పేరు, ఉంచుదామంటే చెదలు. మీరే వచ్చి ఏదో ఒకటి చెయ్యండి" అంది. అందులో దేవుడి పేరు నువ్వనుకున్నంత లేదమ్మా అని నోటిదాకా వచ్చింది. యాభై ఏళ్ళు దాచిన మాటను ఫోనులో కక్కేయడం ఎందుకని మింగేసి, మర్నాడే బెజవాడలో బస్సెక్కాను.

నిజానికి నేను వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎనిమిది నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి కదా అని అందరూ నన్ను రచయిత్రి అంటారు. నాకిప్పుడు ఒక గది ఉంది, బల్ల ఉంది, తలుపుకు గడియ ఉంది. లేనిదల్లా నేను ఏం రాయాలో చెప్పని మనిషి. ఒక పత్రికాయన ఫోను చేసి వృద్ధుల సమస్యల మీద కథ కావాలంటాడు, గురువారం లోపు. అల్లుడు రోజుకు ఎన్ని మాటలు రాశానో లెక్కచూపే యాప్ ఒకటి ఫోనులో పెట్టి వెళ్ళాడు. పక్కింటావిడ తన జీవితం రాస్తే గొప్ప నవల అవుతుందని, తీరిక చేసుకుని తనే వచ్చి చెబుతానని మాటిచ్చింది. బస్సు మైలవరం దాటుతుంటే నాకు అనిపించింది, ఇదంతా నాకు కొత్త కాదు. పదహారో ఏటే చూశాను.

అప్పుడు పదో తరగతి పాసై ఇంట్లో ఉన్నాను. నాన్న చదువు చాలన్నాడు. ఎందుకు చాలో చెప్పలేదు, ఆయనకు కారణాలు చెప్పే అలవాటు లేదు. బస్టాండు పక్క కొట్లో గట్టి అట్ట నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని వసారాలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఎందుకు అని నాన్న అడిగితే ఊరికే అన్నాను. మా ఇంట్లో ఊరికే ఏదీ జరగదు. ఎద్దు ఊరికే నిలబడినా దానికి జబ్బు చేసిందేమోనని చూసేవాళ్ళు. ఎలాగూ రాస్తున్నావు కాబట్టి వాన ఎప్పుడు పడిందీ, బర్రె ఎప్పుడు కట్టిందీ, మిరపతోటకు ఎన్ని బళ్ళ ఎరువు తోలిందీ కూడా రాసిపెట్టమన్నాడు. అమ్మ వెనకనుంచి వచ్చి మాగాయకు ఉప్పూ కారం పాళ్ళు రాయించుకుంది, ఏటా మరిచిపోతున్నానని. ఆ రోజు నాకంటూ మిగిలింది కింద రెండు వరుసల జాగా.

వీళ్ళిద్దర్నీ భరించవచ్చు. మా బాబాయిని భరించడం కష్టం. ఆయన గంపలగూడెం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. రోజూ సైకిలు మీద వెళ్ళివచ్చేవాడు. జేబులో ఎర్రపెన్సిలు లేకుండా ఆయన్ని పెళ్ళిపీటల మీద కూడా ఎవరూ చూడలేదు. ఒకరోజు నేను "ఇవాళ అమ్మా నాన్నా మాట్లాడుకోలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. రెండింటికీ సంబంధం ఉందని నా అనుమానం" అని రాసుకున్నాను. సాయంత్రం అది బాబాయి కంట పడింది. "వాక్యాలు బాగున్నవి. విషయం బాగుగా లేదు" అని ఎర్రపెన్సిలుతో రాసి పదికి నాలుగు మార్కులు వేశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది, భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాడు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం ముద్ద కలుపుకుంటూ, ఉప్పు సంగతి నిజమే అన్నాడు. దాంతో అమ్మ ఆయనతో ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత పుస్తకాన్ని బియ్యపు బానలో దాచాను, మంచం కింద దాచాను, గడ్డివామిలో కూడా దాచాను. ఎక్కడ పెట్టినా రెండోరోజుకల్లా దొరికేది, ఎర్ర గీతలతో తిరిగివచ్చేది. గది తలుపు వేసుకుందామంటే, ఎందుకు వేశావని ముగ్గురు వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. పదికి ఏడు వచ్చే దాకా పెరిగాను. అక్కడ నాకు భయం వేసింది. ఏడు వచ్చిన రోజు నేను రాసింది చూసుకుంటే, "ప్రాతఃకాలమున పక్షుల కిలకిలారావములు వీనుల విందు గావించినవి" అని ఉంది. ఆ ఉదయం నేను విన్నది అమ్మ కోళ్ళను తిట్టడం ఒక్కటే. ఇలాగే పోతే పదికి పది వచ్చేనాటికి నేను చూసింది ఒక్కటీ ఆ పుస్తకంలో మిగలదని అర్థమైంది. పుస్తకం మూసేసి అమ్మకే ఇచ్చేశాను, మాగాయ పాళ్ళు అందులోనే ఉన్నాయి కదా అని.

మా నాయనమ్మకు ఒక మొక్కు ఉండేది. రామకోటి రాస్తానని, పూర్తయ్యాక ఆ పుస్తకాలు భద్రాచలంలో స్వామికి సమర్పిస్తానని ఎప్పుడో తాతయ్య ఉండగా మొక్కుకుంది. ఏళ్ళ తరబడి రాసింది. ఆ ఏడు ఆవిడ కళ్ళకు పొరలు వచ్చాయి. వరసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని, మిగతాది పూర్ణ చేత రాయిస్తానని చెప్పింది. పూర్ణ అంటే నేను. ఒకరి మొక్కు ఇంకొకరు రాయవచ్చా అని బాబాయికి ధర్మసందేహం వచ్చింది. నువ్వు చెప్పిన పాఠం పిల్లలు రాయటంలా, అంది నాయనమ్మ.

రామకోటి రాయడానికి ఆవిడ నియమాలు ఆవిడకు ఉండేవి. తలారా స్నానం చెయ్యాలి. తూర్పు ముఖంగా పీట మీద కూర్చోవాలి. రాసినంతసేపూ మాట్లాడకూడదు, రాసేవాళ్ళను ఎవరూ పలకరించకూడదు. స్నానం చెయ్యనివాళ్ళు పుస్తకం ముట్టుకోకూడదు. ఎంత రాశామో పుస్తకంలో పేజీలు లెక్కపెట్టుకోకూడదు, గర్వం వస్తుంది. అందుకని పేజీ అయినప్పుడల్లా ఆవిడ ఒక చింతగింజ తీసి పిడతలో వేసేది. ఈ నియమాలన్నీ వింటుంటే నాకు మొదట నీరసం వచ్చింది. మొదటిరోజు పీట మీద కూర్చున్నాక గాని వాటి విలువ తెలియలేదు. అమ్మ వంటింట్లోంచి "పూర్ణా, కాస్త పొయ్యి" అని పిలిచి, వెంటనే నాలుక కరుచుకుని, నోటి మీద తనే కొట్టుకుంది. నాన్న దొడ్లో పాలేరును తిడుతూ వచ్చి, నన్ను చూసి, గొంతు తగ్గించి తిట్టాడు. ఒక గంటసేపు ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి గంట నాకు అదే మొదటిది.

పది రోజులు నిజాయితీగానే రాశాను. పదకొండో రోజు ఎదురింటివాళ్ళ బర్రె మా పెరట్లోకి వచ్చి ఆరేసిన నాన్న పంచె నమిలింది. నాన్న పంచె ఒక కొస, బర్రె ఇంకో కొస పట్టుకుని చాలాసేపు చర్చించుకున్నారు. పీట మీద కూర్చుని కిటికీలోంచి అదంతా చూస్తూ శ్రీరామ శ్రీరామ అని రాస్తుంటే, చెయ్యి దానంతట అదే పంచె సంగతిలోకి దిగిపోయింది. పేజీ చివరికి వచ్చాక చూసుకుని హడలిపోయాను. కళ్ళు పోతాయేమోనని ఆ సాయంత్రం దాకా ఒక్కో కన్నూ మూసి పరీక్ష చేసుకున్నాను. పోలేదు. మర్నాడు రాముడితో ఒక ఒప్పందానికి వచ్చాను. ప్రతి పుస్తకంలో మొదటి పేజీ ఆయనది, మిగతావి నావి. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

అలా రెండేళ్ళు రాశాను. అందులో ఏముందంటే ఏమీ లేదు, అన్నీ ఉన్నాయి. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లు, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు సన్నగా పాడుకునే పాట, బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి బాబాయి మజ్జిగన్నం మానేసిన వైనం. నాయనమ్మనూ వదల్లేదు. డాక్టరు తీపి మానమన్నాక ఆవిడ దేవుడి గూట్లో ప్రసాదం పేరు చెప్పి బెల్లం దాచుకునేది. అది రెండు పేజీలు రాశాను. రోజూ నేను ముగించగానే ఆవిడ పుస్తకం తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, వరసల మీద వేలు పోనిచ్చి, కళ్ళకద్దుకుని, పేజీ మూల కుంకుమబొట్టు పెట్టేది. తన బెల్లం దొంగతనానికీ పెట్టింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నా భక్తికి వీధిలో పేరు వచ్చింది. అమ్మలక్కలు వచ్చి, అమ్మాయి కాలేజీ లేదని బెంగపెట్టుకోకుండా రామచింతనలో పడిందని చెప్పుకున్నారు. ఒకావిడ అయితే తన కొడుకు ఉద్యోగం సంగతి పీట మీద ఉన్నప్పుడు తలుచుకోమంది. తలుచుకున్నాను, ఆ అబ్బాయి గురించి అరపేజీ వచ్చింది. బాబాయి కూడా దూరం నుంచి నమస్కారం పెట్టి వెళ్ళేవాడు. ఆయనకు పొద్దున్నే స్నానం అంటే పడదు, బడినుంచి వచ్చాకే పోసుకునేవాడు. అప్పటికి పుస్తకం దేవుడి గదిలో నాయనమ్మ చాప పక్కన ఉండేది. ఆయన బద్ధకమే నా పెట్టెకు తాళం.

మూడో ఎండాకాలం మొదట్లో నాన్న ఒక ప్రకటన చేశాడు. శ్రీరామనవమికి అందరం భద్రాచలం వెళుతున్నాం, ఇప్పటిదాకా రాసిన పుస్తకాలు మొదటి విడతగా స్వామికి సమర్పిస్తున్నాం, జీపు మాట్లాడాను. ఆయన ముఖంలో అంత సంతోషం నా పదో తరగతి ఫలితాలప్పుడు కూడా చూడలేదు. బయలుదేరే ముందురోజు వీధివాళ్ళను పిలిచి పుస్తకాలకు పూజ చేద్దామని, మొదటి పేజీ, చివరి పేజీ తను చదివి వినిపిస్తానని బాబాయి అన్నాడు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూట విప్పితే నా బతుకు బజారున పడుతుంది. విప్పకపోతే పదకొండు పుస్తకాలూ భద్రాచలం వెళ్ళిపోతాయి, ఇక వాటి ముఖం చూడను. పరువు గురించి ఏడవాలో పుస్తకాల గురించి ఏడవాలో తెలియలేదు. చివరికి పుస్తకాల గురించే ఏడ్చాను. ఆ సంగతి నాకే ఆశ్చర్యంగా ఉండింది.

పూజరోజు పొద్దున్నే బాబాయి స్నానం చేశాడు.

అవి చింతపండు కొట్టే రోజులు. పెరటి వాకిట్లో ఆడవాళ్ళు నలుగురు కూర్చుని గింజ తీస్తున్నారు, పక్కన మోకాలెత్తు గింజల కుప్ప. అరుగు మీద పసుపుగుడ్డ మూట, దాని మీద పూలు. బాబాయి తడి క్రాపుతో, ఉతికిన చొక్కాతో నిలబడి, ముందు పిడతలో గింజలు లెక్కపెట్టి ఎన్ని పేజీలయ్యాయో అందరికీ చెబుదామన్నాడు. ఉండరా, నేనే తెస్తాను అని నాయనమ్మ లేచింది. పిడత చంకన పెట్టుకుని, రెండో చేత్తో గాలిని తడుముకుంటూ, అరుగు ఎటో తెలియనట్టు వాకిట్లోకి నడిచింది. ఎవరో అమ్మమ్మా ఇటు, ఇటు అంటూనే ఉన్నారు. ఆవిడ తిన్నగా గింజల కుప్ప దగ్గరకే వెళ్ళి, కాలు తడబడి, పిడత అందులో బోర్లించింది. తర్వాత, ఇదేంటి కాళ్ళకేదో తగులుతోంది అంటూ రెండు కాళ్ళతోనూ బాగా కలిపింది.

నాన్న, పోనీ పుస్తకాల్లో పేజీలు లెక్కపెడితే సరిపోదా అన్నాడు. బాబాయి చెయ్యి అప్పటికే మూట ముడి మీద ఉంది.

"తియ్యరా చెయ్యి" అంది నాయనమ్మ. "లెక్క తప్పిన రామకోటి మూట విప్పితే రాసిన చెయ్యి పడిపోద్ది. మా అత్త చెప్పింది."

వాళ్ళ అత్త పోయి ముప్పై ఏళ్ళయింది, అడగడానికి లేదు. మరి ఇప్పుడేం చెయ్యాలి అని నాన్న అడిగాడు. చేసేదేముంది, కోటి పూర్తయ్యేదాకా ఈ మూట అటకెక్కాల్సిందే, పిల్ల మళ్ళీ ఒకటో గింజ నుంచి రాయాల్సిందే అంది. అందరూ జాలిగా నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. నా వినయానికి ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. తల ఎత్తితే నవ్వు బయటపడుతుందని నా భయం నాది.

జీపు మాట్లాడేశారు కాబట్టి వాళ్ళు ఉత్తచేతులతోనే భద్రాచలం వెళ్ళారు. ఆ జనంలో నేను పడలేను, పూర్ణ నాకు తోడుంటుంది అని నాయనమ్మ నన్ను ఆపేసింది. మర్నాడు పొద్దున ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ చాప మీద కూర్చుని వత్తులు చేస్తూ, నన్ను కూడా పత్తి తీసుకోమంది.

"నాకు వచ్చినవి మూడక్షరాలే" అంది ఉన్నట్టుండి. "మా నాన్న ఇసకలో దిద్దించాడు. పొరలొచ్చాయే గాని ఈ కళ్ళు పూర్తిగా పోలేదు. మొదటి పేజీ తరవాత నీ పుస్తకంలో ఆ మూడూ కలిసి ఎక్కడా లేవు."

నా చేతిలో వత్తి తెగిపోయింది. ఎప్పుడు తెలిసిందని అడిగాను. పదకొండో రోజే అంది. ఎదురింటి బర్రె వచ్చిన రోజు. చదవడం రాని మనిషి అని నేను ధీమాగా ఉన్నాను. ఆవిడకు వచ్చిన ఒక్క మాటే నేను రాయకుండా వదిలేశానని రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మరి బొట్టెందుకు పెట్టావన్నాను. బొట్టు లేకపోతే మీ బాబాయి చూడడూ, అంది. మరి మొక్కు సంగతి? అది ఆయనా నేనూ చూసుకుంటాం అని రాముడి పటం వైపు గడ్డం ఎత్తి చూపించింది, ఏదో వరసైన మనిషిని చూపించినట్టు.

నాకు ఏడుపు వచ్చింది. ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపించి, పోనీ నేను రాసినవి నీకు చదివి వినిపించనా అని అడిగాను.

"వినిపించమాకు" అంది. "నేను వింటానంటే రేపటినుంచి నేను వినేదే రాస్తావు. నేను మాత్రం రాసుకోలేదా అన్నేళ్ళు, ఎవరికి వినిపించాను? నాకు మూడే వచ్చు కాబట్టి మూడింటితోనే రాసుకున్నా."

నామజపం గురించి చెబుతోందనుకున్నాను. పద్దెనిమిదేళ్ళకు అంతకన్నా ఏం అర్థమవుతుంది? కొత్త పిడత వచ్చింది. ఇంకో ఏడాదిన్నర రాశాను, ఆవిడ గింజలు వేస్తూనే ఉంది. పెళ్ళి కుదిరినప్పుడు పిల్ల మహా భక్తురాలని మావాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. అత్తగారింటికి పీట తీసుకెళ్ళాను. పుస్తకాలు మాత్రం నాయనమ్మ పాతవీ కొత్తవీ ఒకటే మూటగా కట్టి ట్రంకుపెట్టెలో పెట్టించి అటకెక్కించింది. కదిలించడానికి వీల్లేదు, కోటి పూర్తి కాలేదు కదా. నేను రెండోసారి పుట్టింటికి వచ్చేలోపే నాయనమ్మ పోయింది. ఆ మూట అడగడానికి నాకు నోరు రాలేదు. ఏమని అడగను?

ఇప్పుడు తమ్ముడి ఇంట్లో, మూట ముందు కూర్చునే ముందు స్నానం చేశాను. ఎవరూ చెయ్యమనలేదు, కాళ్ళే అటు నడిచాయి. ముడి నాయనమ్మ వేసినదే, విప్పడానికి పావుగంట పట్టింది. నా పుస్తకాలు చెదలు తినగా మిగిలినవి మిగిలాయి. చెదలకు కూడా బాబాయిలాగా అభిరుచి ఉన్నట్టుంది, నాకు నచ్చిన వాక్యాలే తినేశాయి. పంచె, బర్రె భద్రంగా ఉన్నాయి. కుంకుమబొట్లు నల్లబడ్డాయి. అన్నిటి అడుగున సన్నటి అట్టలవి నాలుగు పుస్తకాలు కనిపించాయి, నావి కావు. నాయనమ్మ రాసినవి. చిన్నప్పుడు వాటిని రోజూ చూసేదాన్ని, ఏనాడూ తెరవలేదు. ఉన్నది శ్రీరామే కదా, తెరిచి చూసేదేముంటుంది అనుకునేదాన్ని.

ఉన్నది శ్రీరామే. కాని ఒక పేజీలో అక్షరాలు చీమల బారులా పొందిగ్గా ఉన్నాయి, పక్క పేజీలో కాగితం చిరిగేలా ఒత్తి రాసి ఉన్నాయి. ఒకరోజు వరసలన్నీ కిందికి జారిపోయాయి. ఒకరోజు పేజీ మొత్తానికి ఒకటే నామం, మధ్యలో, మిగతాదంతా తెలుపు. ఒకచోట వరసగా ఎన్నో పేజీలు మ అక్షరం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి వణికింది. రెండు పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, మెల్లిగా విడదీసి చూస్తే బెల్లం. ఆ రోజుల్లో ఆవిడకు ఏం జరిగిందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఆవిడ ఎవరికీ వినిపించలేదు. నాకంటే ముందు ఆ పీట మీద కూర్చుని, మూడక్షరాలతో, ఎవరూ మార్కులు వెయ్యలేని విధంగా తన రోజులన్నీ రాసుకుంది. నాయనమ్మ మీద ప్రేమతో, కొంచెం అసూయతో చాలాసేపు ఏడ్చాను.

ఏడుపు తగ్గాక చూస్తే నా ఆఖరి పుస్తకంలో సగం ఖాళీగా ఉంది. మూల పాత పీట ఒకటి గోడకు చేర్చి ఉంటే వాల్చుకుని, తూర్పుకు తిరిగి కూర్చున్నాను. ఫోను ఆపేశాను. అంతలో మరదలు, "వదినా, కాఫీ" అంటూ గుమ్మంలోకి వచ్చింది. నా తడి జుట్టూ, ఒళ్ళో పుస్తకమూ చూసి, నాలుక కరుచుకుని, నోటి మీద తనే కొట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఈ అలవాటు దీనికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. బయట పైకప్పు మీది పనివాళ్ళతో తను చెబుతున్న మాటలు వినిపించాయి.

"కాసేపు ఆపండయ్యా. పెద్దావిడ రామకోటి రాస్తున్నారు."

సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. నేను కలం మూత తీశాను.